గంట కొట్టకుండా కదలని ఓడ

చంద్రపూర్,
17 జనవరి 1999

బావగారికి,

అనంతరావు రాసేది. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీరు ఎట్లా ఉన్నారో మా చెల్లి రుక్కు నెలకో కార్డు రాస్తూనే ఉంటుంది కాబట్టి అడగను.

ఇరవై ఏళ్ళ తరువాత మీకు ఉత్తరం రాస్తున్నానంటే మనసు కరిగిందని అనుకోకండి. మీ సుపుత్రుడు సచిన్ పుణెలో ఆ కంప్యూటర్ కంపెనీలో చేరి ఉన్న తెలివి కూడా పోగొట్టుకున్నాడు. వాళ్ళేదో ఆట తయారు చేస్తున్నారట. పేరు ‘కార్గో సెవెన్’. ఆకాశంలో తిరిగే సరుకుల ఓడ. దాన్ని ఇద్దరు మనుషులు రెండు కంప్యూటర్ల మీద కలిసి నడపాలట. ఒకడు కెప్టెన్, ఇంకొకడు ఇంజన్ గదిలో. ఒకడికి కనపడేది ఇంకొకడికి కనపడదు. ఎవడి వంతు అయిపోగానే వాడు ఆటను ఫ్లాపీలోకి ఎక్కించి రెండోవాడికి పోస్టు చేయాలి. "మామా, కంప్యూటర్ తెల్వని పెద్దోళ్ళు ఆడితెనే మా తప్పులు బయటపడ్తయ్. నువ్వు, నాయిన ఆడుండ్రి" అని ఫోన్ చేశాడు. దేశంలో పెద్దవాళ్ళకు కరువొచ్చినట్టు, ఒకరి మొహం ఒకరు చూడని మనమే దొరికాం వాడికి.

నేను ఒప్పుకున్నది ఒక్క మాట కోసం. మీ తమ్ముడు బాపురావు మా బొగ్గుబాయిలో పోయిన నాటి నుంచి మీరు నా గడప తొక్కలేదు. నా చెల్లెలిని తొక్కనివ్వలేదు. ఇప్పుడు "మీ మామ ఆ ఓడను అంగారకుడి దాకా చేరిస్తే మీ అమ్మను చంద్రపూర్ పంపుత" అని సచిన్‌తో అన్నారట. వెటకారానికే అని ఉంటారు. నేను మాత్రం నిజమనే పట్టుకున్నాను. రుక్కు నా ఇంట్లో నాలుగు రోజులుండి పోతే చాలు, ఎన్ని ఓడలైనా నడుపుతాను.

సచిన్ మీ ఇంటి మీదుగా పంపిన ఆరు ఫ్లాపీలు అందాయి. మా అక్షిత జట్‌పురా గేటు దగ్గర కంప్యూటర్ క్లాసులో పాఠాలు చెబుతుంది కదా, పొద్దున పిల్లలు రాకముందు ఒక కంప్యూటర్ నాకు వదిలిపెడుతుంది. రెండు ఫ్లాపీలు బాగానే ఎక్కాయి. మూడోది పెట్టగానే గరగరమని ఒకటే మోత. తీసి చూస్తే పసుపు, కుంకుమ! రుక్కు ఆరింటికీ బొట్లు పెట్టి మరీ పంపింది. అక్షిత దూదితో తుడిచి తుడిచి తల పట్టుకుంది. "బాబా, ఆత్య కంప్యూటర్‌కి కొబ్బరికాయ గిట్ల కొట్టలేదు గద?" అని మేనత్త గురించి అడిగింది. హెడ్మాస్టరు గారి ఇంట్లో సైన్సు ఇట్లా వర్ధిల్లుతోందని తెలిసి సంతోషించాను.

కెప్టెన్‌గా మిమ్మల్నే పెట్టాడు మీ కొడుకు. నన్ను తీసుకుపోయి ఇంజన్ గదిలో పడేశాడు. హుకుం పంపండి.

ఇట్లు,
ఇంజన్ గదిలోంచి,
అనంతరావు

*

కాగజ్‌నగర్,
29 జనవరి 1999

అనంతరావుకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అర్థం కాక కాదు. మరాఠీ బడిలో చదివినవాడు ఇంత తెలుగు రాశాడే అని. నీ వాక్యాలు లక్కడ్‌కోట్ బండిబాటలాగా ఎగుడుదిగుడుగా ఉన్నా మొత్తానికి ఊరు చేరుతున్నాయి.

కుంకుమ సంగతి రుక్మిణికి చదివి వినిపించాను. "కొత్త వస్తువుకు బొట్టు పెట్టకపోతె ఎట్ల? మా అమ్మ కుట్టు మిషన్‌కు పెట్టలేదా?" అన్నది. ఇది మీ పుట్టింటి చదువే అని తేలింది కాబట్టి నా ఇంటి సైన్సు జోలికి రాకు.

నేను నీలాగా ముందు చెయ్యి పెట్టి తరువాత ఏడ్చే రకం కాదు. సచిన్ పంపిన అరవై పేజీల పుస్తకం మొత్తం చదివాను, ముఖ్యమైన చోట్ల ఎర్ర గీతలు గీశాను, అప్పుడు మొదలుపెట్టాను. అయినా నాలుగో ఫ్లాపీ దగ్గర కంప్యూటర్ బిగుసుకుపోయింది. చిన్న దీపం వెలుగుతుండగా ఫ్లాపీని బయటికి లాగకూడదట. ఆ మాట యాభై ఎనిమిదో పేజీలో పెడితే ఎవడికి గుర్తుంటుంది? సచిన్‌కు ఘాటుగా రాశాను. మళ్ళీ మొదటి నుంచి ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. సచిన్ వదిలేసిపోయిన ఈ పాత కంప్యూటర్ నీలాగే ఒకటి చెబితే అరగంటకు వింటుంది.

ఇక నేనన్న మాట. అన్నాను, దాని మీద ఉంటాను. ఓడ అంగారకుణ్ణి చేరిన రోజు రుక్మిణి బండెక్కుతుంది. చేరదని నాకు తెలుసు. ఇంజన్ దగ్గర కూర్చున్నది నువ్వు కదా.

నా తెర మీద నక్షత్రాలు, దారి, అడ్డం వచ్చే బండరాళ్ళు అన్నీ కనపడుతున్నాయి. నా మొదటి ఉత్తర్వు: ఓడను పూర్తి వేగంతో ముందుకు నడుపు. ఫ్లాపీ జతపరిచాను.

దేవన్న,
కెప్టెన్

*

చంద్రపూర్,
11 ఫిబ్రవరి 1999

కెప్టెన్ గారికి దండాలు.

ఓడ కదలలేదు. అంగుళం కూడా కదలలేదు. మీ ఫ్లాపీ మొదట తెరుచుకోనే లేదు. మీది పాత విండోసు, మాది కొత్తది. మీరు రాసింది మాకు చదవరాదని కంప్యూటర్ మొండికేసింది. అక్షిత పుణెకు ఫోన్ చేసి ఏదో చిన్న ఫైలు తెప్పించి కలిపింది. తెరిచాక నేను చూసిందేమిటంటే మీటర్లు, ఒక లీవరు, ఒక గంట బొమ్మ. నేను గంట మోగుతుందని కూర్చున్నాను. ఇరవై నిమిషాలయ్యాక వంతు అయిపోయిందని తెర చెప్పింది. గంట మోగలేదు.

మీరు పూర్తి వేగం అని ఉత్తరంలో రాశారు. కాగితం మీద రాసింది నాకు హుకుం కాదు. నా పనేమిటో పెళ్ళైన నాడు తెలుసుకోలేదు, ఇప్పుడు తెలుసుకోండి. ఇరవై ఎనిమిదేళ్ళు బాయి మీద ఇంజన్ నడిపాను. మనుషుల్ని కిందికి దించి పైకి లాగే ఇనుప డోలీ ఒకటి ఉంటుంది. దాని తాడు నా ఇంజన్‌కు చుట్టుకుంటుంది. నా గదిలోంచి బాయి కనపడదు, డోలీ కనపడదు, మనిషి కనపడడు. కనపడేది లీవరు, వినపడేది గంట. ఒకటి కొడితే ఆపు. రెండు కొడితే దించు. మూడంటే మనుషులు ఎక్కుతున్నారు. నాలుగంటే లాగు. గంట లేకుండా మేనేజరు వచ్చి నెత్తిన కూర్చున్నా చెయ్యి కదపకూడదు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టిన మనిషి ఉంటాడు కింద.

మీరు బడిలో బెల్లు కొట్టించి ఇంటికిపోయినవారు. ఇవన్నీ మీకు ఎందుకు తెలుస్తాయి? పుస్తకం మొత్తం చదివి ఎర్ర గీతలు గీశారు కదా, గంట ఎక్కడ కొట్టాలో ఏ పేజీలో ఉందో చూడండి. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

ఫ్లాపీ వెనక్కి పంపుతున్నాను.

అనంతరావు

*

కాగజ్‌నగర్,
24 ఫిబ్రవరి 1999

అనంతరావుకు,

మొదలుపెట్టి నెల దాటింది, ఓడ పుట్టిన చోటే ఉంది. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోవడం నీకు కొత్త కాదు. అయినా ఒక లీవరు ముందు, ఇంత పెద్ద ఉత్తర్వు చేతిలో పట్టుకుని, ఇరవై నిమిషాలు కూర్చున్నవాడికి లోపల ఏముంటుందో నాకు తెలుసుకోవాలని ఉంది. ఎవరైనా లాగి చూస్తారు. ఆట కదా! మా పక్కింటి వాళ్ళ పిల్ల ఆరేళ్ళది, దాన్ని కూర్చోబెడితే లాగేది.

గంట దొరికింది. నాకు చెప్పుకోవడం ఇష్టం లేదు గానీ, కనిపెట్టింది రుక్మిణి. నేను మూడు రోజులు పుస్తకంలో వెతికాను. ఆమె బియ్యం ఏరుకుంటూ వచ్చి తెర వైపు చూసి "గా మూలకు పిత్తడి గంట లెక్కున్నది, గదే గావచ్చు. నొక్కుండ్రి" అన్నది. నొక్కాను. మోగింది. అంతసేపు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నందుకు నాకు నా మీదే చికాకు వేసింది. దానికీ కారణం నువ్వే.

నాలుగు గంటలు కొట్టి ఫ్లాపీ పంపుతున్నాను. నీకు గంట కావాలి కదా. నీకెప్పుడూ గంటే కావాలి. కింద మనుషులు ఏమైపోయినా సరే.

దేవన్న

*

చంద్రపూర్,
9 మార్చి 1999

బావగారికి,

ఓడ కదిలింది.

పొద్దున ఏడుకు ఫ్లాపీ పెట్టాను. టంగ్ టంగ్ మని నాలుగు మోగాయి. లీవరు మెల్లగా వదిలాను. మొదట పావు, తరువాత సగం, సూది ఎర్రగీత దగ్గరికి పోతుంటే కొంచెం వెనక్కి. రిటైరై రెండేళ్ళయినా చెయ్యి మరిచిపోలేదు. అక్షిత వెనక నిలబడి "బాబా, మస్త్ చాలవతోస్!" అన్నది. అది మరాఠీలో పొగడ్త, మీకు అర్థం కాదు. ఇన్నాళ్ళకు నా కూతురు నా పని కళ్ళతో చూసిందని నాకు లోపల చాలా సంతోషమైంది. మీకు చెప్పకపోతే ఎవరికి చెబుతాను, ఓడలో మనమిద్దరమే కదా ఉన్నది.

గంటలను బట్టి చూస్తే మీరు బండరాళ్ళ నడుమ నుంచి బాగానే తప్పించారు. ఒక్కసారి ఆపు గంట ఆలస్యంగా కొట్టారు. ఓడ అంచు గీసుకుపోయినట్టుంది, నా గదిలో ఒక దీపం ఆరింది. బడి పిల్లల్ని వరుసలో నడిపినట్టు కాదిది. అయినా మొదటి రోజుకు ఫరవాలేదు. ఇట్లాగే పోతే మే నెలకు అంగారకుడు వస్తాడని అక్షిత లెక్క కట్టింది. రుక్కుకు చెప్పండి, మామిడికాయల కాలానికి ఇక్కడుంటుంది. ఇప్పటికే ఇక్కడ ఎండ మండుతోంది. బట్టలు ఆరేస్తే బొగ్గుపొడి, బూడిద పడుతున్నాయి. అయినా రమ్మనండి.

మీ ఉత్తరం చివర రాసిన మాట చదివాను. దానికి నేను జవాబు రాయను.

అనంతరావు

*

కాగజ్‌నగర్,
27 మార్చి 1999

అనంతరావుకు,

ఇది రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. అందగానే పని మొదలుపెట్టు.

నీకు కనపడదు కాబట్టి చెబుతున్నాను. దారిలో పాడైపోయిన ఒక మజిలీ నుంచి నలభై మంది ప్రయాణికుల్ని ఎక్కించుకున్నాను. సచిన్ వాళ్ళకు పేర్లు కూడా పెట్టాడు, బడి హాజరు పట్టికలాగా. ఎక్కించిన వెంటనే రాయి ఒకటి వచ్చి తగిలింది. సరుకుల గదికి నిప్పంటుకుంది. మంట వాళ్ళున్న గది వైపు పోతోంది. ఎదురుగా పెద్ద బండ. ఇక్కడ నిలబడితే ఓడ మిగలదు. ఒక్క దూకు ముందుకు దూకితే మంట ఆరి, బండ తప్పి, తిన్నగా అంగారకుడి ముంగిట్లో పడతాం. పుస్తకం నలభై మూడో పేజీలో ఉంది.

కాబట్టి లాగు. పూర్తిగా లాగు. గంట కూడా కొట్టాను, నాలుగు, నీ తృప్తి కోసం. ఉత్తరంలోనూ రాస్తున్నాను: లాగు.

రుక్మిణి అప్పుడే పెట్టె దించి దులుపుతోంది. ఆమె సంబరం చూస్తే నాకు నవ్వూ వస్తోంది, ఒళ్ళూ మండుతోంది. నన్ను ఓడించి గెలుస్తున్నానని మురిసిపోకు. నావే కళ్ళు, నావే ఉత్తర్వులు. నీది చెయ్యి మాత్రమే.

దేవన్న

*

చంద్రపూర్,
8 ఏప్రిల్ 1999

బావగారికి,

ఓడ పోయింది. నలభై మందీ పోయారు.

గంట మోగలేదు. మీ ఉత్తరం ఎడమ చేతిలో పట్టుకుని, కుడి చెయ్యి లీవరు దగ్గర పెట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నాను. మీరు లాగమని మూడుసార్లు రాశారు, నిజమే. తెర మీద గంట మోగలేదు. అక్షిత "బాబా, ఓఢా! ఓఢా నా!" అని ఒకటే అరుపు, లాగమని. ఆఖరికి తనే చెయ్యి పెట్టబోతే ఆ చేతిని నెట్టేశాను. జీవితంలో మొదటిసారి దానిమీద చెయ్యి చేసుకున్నంత పనైంది. అది రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తరువాత ఫ్లాపీలో ఏముందో తెరిచి చూసింది. మీరు ముందు ఆటను ఫ్లాపీలోకి ఎక్కించి, ఆ తరువాత గంట కొట్టారట. ఎక్కించాక కొట్టిన గంట మీ ఇంట్లోనే ఉండిపోయింది. అరవై పేజీలు చదివిన కెప్టెన్ గారి నిర్వాకం ఇది. ఆడలేక మద్దెల ఓడు అనే అవకాశం కూడా మీకు లేదు.

రుక్కును పెట్టె మళ్ళీ పైన పెట్టుకోమనండి. నా నోటితో ఈ మాట రాయవలసి వచ్చింది.

అనంతరావు

*

కాగజ్‌నగర్,
17 ఏప్రిల్ 1999

అనంతరావుకు,

తప్పు నాదే. గంట ఆలస్యమైంది. ఒప్పుకుంటున్నాను. సంతోషమా?

ఇప్పుడు నీ సంగతి అడుగుతాను. నీ చేతిలో నా ఉత్తరం ఉంది. నిప్పంటుకుందని ఉంది, నలభై మంది ఉన్నారని ఉంది, లాగమని ఉంది. ఎదురుగా నీ కన్నకూతురు మొత్తుకుంటోంది. లాగితే నీ చెల్లెలు ఇరవై ఏళ్ళ తరువాత నీ ఇంటికి వస్తుంది. అయినా నువ్వు లాగలేదు! నువ్వు మనిషివా, ఇనుప ముక్కవా?

ఇరవై ఏళ్ళుగా లోపల పెట్టుకున్నది ఇప్పుడు రాస్తున్నాను. 78 ఆగస్టులో మీ బాయిలోకి నీళ్ళు వచ్చిన రోజు నా తమ్ముడు బాపురావు కింద గంట కొట్టే డ్యూటీలో ఉన్నాడు. ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా నువ్వే. నీళ్ళొచ్చాయని పైన అందరికీ తెలిసింది. నీకూ తెలిసింది. నువ్వు లీవరు పట్టుకుని, గంట మోగలేదని, పది నిమిషాలు కూర్చున్నావు. గంట మోగాక లాగావు. అయిదుగురు వచ్చారు, మావాడు రాలేదు. అంతా రూలు ప్రకారమే జరిగిందని విచారణలో నీకు మచ్చ లేకుండా రాసిచ్చారు. మా అమ్మ ఆ కాగితం చదివించుకుని "రూలు బతికింది, నా కొడుకు సచ్చిండు" అన్నది. అదే మాట అంటూ పోయింది.

నువ్వు ముందే లాగి ఉంటే వాడు బతికేవాడు. గుండె ఉన్నవాడు ఎవడైనా లాగేవాడు. ఈ మాట నేను మా బంధువులందరికీ చెప్పాను, రుక్మిణికి ప్రతి ఏడూ వాడి తద్దినం నాడు చెప్పాను. ఆమె అన్నం పళ్ళెం ముందు తల వంచుకుని కూర్చునేది. ఈసారి ఆటలో కూడా అదే చేసి చూపించావు. నాకు అనుమానమేమీ మిగలలేదు. ఇక రాయకు.

దేవన్న

*

చంద్రపూర్,
4 మే 1999

బావగారికి,

రాయవద్దన్నారు. రాస్తున్నాను. చదివి చించేయండి.

మీకు చెప్పిన కథ అబద్ధం. నేను ఆ రోజు ఆగలేదు.

పైన డోలీ దగ్గర నిలబడే రాయమల్లు పరుగెత్తుకొచ్చి "నీళ్ళొచ్చినయట అన్నా, పక్క పాత బాయి గోడ తెగిందట" అన్నాడు. డోలీ కిందనే ఉంది. గంట లేదు. గడియారం చూస్తున్నాను. ఒక నిమిషం, రెండు, మూడు. కింద ఉన్నది బాపురావు. నేను తెచ్చి పెట్టినవాడు, మీ పెళ్ళిలో నన్ను ఆటపట్టిస్తూ చేతి మీద గిల్లినవాడు. ఏడో నిమిషానికి నా వల్ల కాలేదు. గంట తీగ తెగిందేమో, పాపం వాళ్ళు కొట్టలేకపోతున్నారేమో అనుకున్నాను. లాగాను. గంట లేకుండా లాగాను బావా.

లాగిన మరుక్షణం ఒక గంట మోగింది. ఆపమని. ఆపాను. కొంచెం సేపు ఏమీ లేదు. తరువాత నాలుగు మోగాయి. లాగాను. డోలీలో అయిదుగురు ఉన్నారు.

వాళ్ళు తరువాత నాకు చెప్పారు. అయిదో నిమిషం దాటేదాకా వాళ్ళు డోలీ గేటు దగ్గరికే చేరలేదు. నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. బాపురావు ఒక్కొక్కణ్ణి లోపలికి నెట్టాడు. అయిదోవాణ్ణి నెడుతుండగా డోలీ లేచింది. వాడు సగం లోపల, సగం బయట. బాపురావు చెయ్యి చాపి ఆపు గంట కొట్టి, వాణ్ణి పూర్తిగా లోపలికి తోశాడు. అప్పటికే డోలీ మనిషెత్తు పైన ఉంది. తనకు అందదు. రెండు కొడితే నేను దించేవాణ్ణి. దించితే అయిదుగురూ నీళ్ళలోకి దిగుతారు. వాడు రెండు కొట్టలేదు. నాలుగు కొట్టాడు. ఇంకొక్క నిమిషం నేను చెయ్యి కట్టుకుని కూర్చుంటే, వాడు కూడా ఎక్కి లోపలి నుంచే చెయ్యి చాపి కొట్టేవాడు. చివరి ట్రిప్పుకు మా వాళ్ళు అట్లాగే చేస్తారు.

విచారణలో ఆ అయిదుగురూ ఒకే మాట చెప్పారు, గంట మోగాకే డోలీ లేచిందని. రాయమల్లూ అదే చెప్పాడు. "నీకు చిన్న పిల్ల ఉంది, నోరు మూస్కో" అన్నాడు. మూసుకున్నాను. తరువాత మీరు నన్ను కదలని బండ అన్నారు, ఇంటింటికీ తిరిగి అన్నారు. నాకు అది తేలికగానే అనిపించింది. అంతకంటే పెద్ద తప్పు చేసినవాడికి చిన్న తప్పుకు తిట్లు పడుతుంటే ఎందుకు కాదంటాడు? కానీ రుక్కు తల వంచుకుని కూర్చునేదని మొన్నటి దాకా నాకు తెలియదు. తన కార్డుల్లో ఎప్పుడూ రాయలేదు.

ఆ రోజు తరువాత పంతొమ్మిదేళ్ళు నౌకరీ చేశాను. గంట మోగకుండా చెయ్యి కదపలేదు. మొన్న ఆటలోనూ కదపలేకపోయాను. రుక్కు వస్తుందని తెలిసి కూడా కదపలేకపోయాను.

మీరు ఇప్పుడు ఏం తిట్టినా పడతాను. ఈసారి సరైన తప్పుకు తిట్టండి.

అనంతరావు

*

కాగజ్‌నగర్,
15 మే 1999

అనంతరావుకు,

నీ ఉత్తరం వచ్చి అయిదు రోజులైంది. నాలుగు రోజులు ఎవరికీ చూపించలేదు. నిన్న రుక్మిణికి చదివి వినిపించాను, మొత్తం. ఆమె ఏడ్చింది, బాపురావు కోసమో, నీ కోసమో. తరువాత లేచి నాకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని అడిగింది: "ఇరవై ఏండ్లు మా అన్నను బండ అంటిరి. ముందే లాగకపాయె అంటిరి. లాగిండట గద! ఇప్పుడేమంటరు?"

ముప్ఫై అయిదేళ్ళు బడిలో తీర్పులు చెప్పినవాణ్ణి, అన్నం సగంలోనే వదిలేశాను. చెయ్యి కడుక్కుని లేచాను.

క్షమించాను అని రాస్తానని ఎదురుచూడకు. నోరు మూసుకున్నందుకు నిన్ను క్షమించను. మా అమ్మ బతికుండగా చెప్పవలసింది. తన కొడుకు అయిదుగురిని ఎక్కించి తన చేత్తో గంట కొట్టి పంపాడని ఆమె వినవలసింది. అది నువ్వు దాచుకున్నావు. పిరికివాడివి. దద్దమ్మవి. ఇది సరైన తప్పుకు తిట్టే తిట్టు, జాగ్రత్తగా దాచుకో.

ఈ నెల 23 ఆదివారం పాసింజరులో రుక్మిణిని తీసుకుని బల్లార్షాలో దిగుతాను, మీ ఊరికి అదే దగ్గర. ఓడ చేరినందుకు కాదు, చేరలేదని నాకూ తెలుసు. స్టేషనుకు ఏడుపు మొహం వేసుకుని రాకు, నాకు నచ్చదు. ఆ అయిదుగురిలో బతికున్నవాళ్ళు ఎక్కడున్నారో కనుక్కుని ఉంచు. నేను వాళ్ళ నోటితో వినాలి, నా తమ్ముడు ఎట్లా నెట్టాడో, ఏమన్నాడో.

ఇంకొక మాట. నువ్వు ఏడు నిమిషాలు ఆగావని రాశావు. నాలుగు రోజులుగా నేను ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి చూస్తున్నాను. గుండె ఉన్నవాడు ఎవడైనా లాగేవాడని ఊరంతా చెప్పినవాణ్ణి కదా, నేను రెండో నిమిషానికే లాగేవాణ్ణి. అప్పటికి గేటు దగ్గర ఒక్కడూ లేడు. డోలీ ఖాళీగా పైకి వచ్చేది.

దేవన్న